ఎవరూ చెయ్యి వెయ్యని పెట్టె

ధనుంజయ్ చేసిన వస్తువు ఏదీ చూడ్డానికి వస్తువులా ఉండేది కాదు. అదే అతనికున్న అసలు జబ్బు. అతను యాంప్లిఫయరు కడితే చర్చి రేకులు అదిరేవి. కరెంటు పోగానే దానంతటదే వెలిగే లైటు చేస్తే గంటల తరబడి వెలిగేది. కానీ ఆ గొప్పతనమంతా నూనె డబ్బాల్లో, బిస్కెట్ డబ్బాల్లో, సబ్బుపెట్టెల్లో, మూత పోయిన క్యారియర్ గిన్నెల్లో కాపురం ఉండేది. శుక్రవారం సంతకి కింద నుంచి వ్యాపారులొచ్చి, పట్టా పరిచి, మెరిసే ప్లాస్టిక్ లైట్లు పేరిస్తే జనం అవే కొనుక్కునేవాళ్ళు. నెల తిరక్కుండా అవి చచ్చిపోతే ధనుంజయ్ దగ్గరికి తెచ్చేవాళ్ళు. అతను వాటి పొట్ట విప్పి, తన సరుకు లోపల పెట్టి, మళ్ళీ బిగించి ఇచ్చేవాడు. కంపెనీ వస్తువంటే కంపెనీ వస్తువే అనుకుంటూ వాళ్ళు ఇంటికి వెళ్ళేవాళ్ళు.

మొదట్లో దీనికి కోపం వచ్చేది. నలభై దాటేసరికి కోపానికి కూడా ఓపిక లేకపోయింది. అరకు రోడ్డు పక్కన ఒక రేకుల కొట్టు, నడుం నొప్పి, టంకం పొగకి ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్ళు. ఐటీఐ చదివి తిరిగి కొండెక్కి వచ్చిన ఇరవై ఏళ్ళలో అతను వెనకేసుకున్నవి ఇవే. ఒక్క పట్టింపు మాత్రం పోలేదు. డబ్బా ఎంత దరిద్రంగా ఉన్నా లోపల తీగలు వరస తప్పకూడదు, ప్రతి మలుపూ ఒకే కొలతలో ఉండాలి. ఎవరూ చూడని చోట ఇంత ముస్తాబెందుకని భార్య నిర్మల ఒకసారి అడిగింది. నేను చూస్తాను కదా అన్నాడు.

వాళ్ళు కాపురం ఉండే సంత ఊరికీ, నిర్మల పుట్టిన జామిపుట్టుకీ మధ్య ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. ఎండాకాలంలో దాటితే పాదాలు సరిగ్గా తడవవు. వానాకాలంలో కూడా మామూలు రోజుల్లో మోకాలి లోతే, రాళ్ళ మీద అడుగులేసుకుంటూ వెళ్ళిపోవచ్చు. దాని దుర్మార్గమంతా ఏమిటంటే, వాన ఇక్కడ పడక్కర్లేదు, పైన కొండ మీద పడితే చాలు. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ రాళ్ళ మీద ఉంటారు, నిలువెత్తు నీళ్ళు వచ్చి పడతాయి.

తొంభై తొమ్మిదిలో అలాగే నిర్మల చెల్లెలు కనకని పట్టుకుపోయింది. సంతలో ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని ఇంటికి వెళుతోంది. మర్నాడు రెండు మైళ్ళ కింద దొరికింది. నిర్మల జామిపుట్టులో అంగన్‌వాడీ టీచరు, రోజూ పొద్దున ఆ గెడ్డ దాటి వెళ్ళి సాయంత్రం ఆ గెడ్డే దాటి రావాలి. చెల్లెలు పోయాక కూడా అలాగే వెళ్ళింది, వచ్చింది. ఆ దారి గురించి ఇంట్లో ఒక్క మాట అనలేదు. ఆమె అననందుకే ధనుంజయ్‌కి భయం పట్టుకుంది. ఆమె రావడం పావుగంట ఆలస్యమైతే టంకం కడ్డీ చేతిలోనే ఉండి కాలేది.

ఆ భయంలోంచి పుట్టింది హారన్. గెడ్డ పై మలుపు దగ్గర రాతి సందులో రెండు రాగి కడ్డీలు పాతాడు. మామూలు నీళ్ళు వాటిని అందుకోవు. నీళ్ళు లేచి రెండు కడ్డీల్నీ కలిపితే, చెట్ల మీదుగా దింపిన తీగ ద్వారా దాటే చోట పాతిన పెట్టెకి కబురొస్తుంది, పెట్టెలో హారన్ మోగుతుంది. ఎనిమిది టార్చి సెల్స్‌తో నడుస్తుంది. సెల్స్ బాగున్నంత కాలం చిన్న పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది. పై మలుపు నుంచి నీళ్ళు కిందకి రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ రెండు మూడు నిమిషాలే అతను భార్యకి ఇవ్వగలిగింది.

మొదటిసారి దాన్ని నూనె డబ్బాలో పెట్టి జామిపుట్టు ఒడ్డున కర్రకి కట్టాడు. వారానికే డబ్బా మాయమైంది. ఎవరో కోళ్ళకి నీళ్ళు పెట్టుకోవడానికి పట్టుకెళ్ళారు. అయితే వాళ్ళది దొంగబుద్ధి కాదని ఒప్పుకోవాలి. లోపలి సరంజామా అంతా జాగ్రత్తగా తీసి, అడ్డాకులో పొట్లం కట్టి, ఆ కర్రకే వేలాడదీసి వెళ్ళారు. డబ్బా పనికొచ్చే వస్తువు, లోపల ఉన్నది ధనుంజయ్ సరదా, ఎవరిది వాళ్ళకి. అతను డబ్బాని అడిగి తెచ్చుకున్నాడు కానీ అప్పటికే అది సొట్టలు పోయింది. రెండోసారి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాడు. అందులో ఒకాయన పొగాకు దాచుకున్నాడు, ఆకు పొట్లం మళ్ళీ కర్రకి వేలాడింది. ఆ మధ్యలో గెడ్డ రెండుసార్లు పొంగింది, హారన్ మోగలేదు. అదృష్టం కొద్దీ అప్పుడు రాళ్ళ మీద ఎవరూ లేరు.

అప్పుడు ధనుంజయ్‌కి అర్థమైంది. తప్పు జనానిది కాదు, డబ్బాది. డబ్బాలా కనిపించేదాన్ని ఎవరైనా డబ్బాలాగే వాడతారు. మర్యాద ఇవ్వాల్సిన వస్తువైతే మర్యాదగా కనిపించాలి. అందుకని సుక్రు దగ్గరికి వెళ్ళాడు.

సుక్రు నిర్మలకి చిన్నాన్న, ధనుంజయ్‌కి మావ వరస. అరవై దాటిన మనిషి. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళల్లో తలుపులూ నాగళ్ళూ అతను చేసినవే. మాట తక్కువ, చెక్కతోనే ఎక్కువ మాట్లాడతాడని నిర్మల అంటుంది. ధనుంజయ్ కొలతలు చెప్పాడు, హారన్ గొంతుకి దారి ఎక్కడ ఉండాలో, దీపానికి కన్నం ఎక్కడ ఉండాలో చెప్పాడు. చివర అసలు సంగతి చెప్పాడు.

"మావా, దానిమీద ఎవులూ సెయ్యి ఎయ్యకూడదు. అలాగుండాల పెట్టి."

సుక్రు తల ఎత్తి చూశాడు. "ఎవులూనా?"

"ఎవులూ."

ఎందుకలా రెట్టించి అడిగాడో అప్పుడు ధనుంజయ్ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇక చెప్పుకోవడానికి కథే లేదు.

మూడు వారాల తర్వాత సుక్రు కబురంపాడు. పనసచెక్క పెట్టె. ఒక్క మేకు లేదు, చెక్కలోకి చెక్క దిగి కూర్చుంది. వాన జారిపోవడానికి పైన ఇంటికప్పులా రెండువైపులా వాలు. హారన్ ముందు దువ్వెన పళ్ళలా సన్నని చీలికలు, వాటిలోంచి చప్పుడు బయటికి వస్తుంది, చినుకు లోపలికి పోదు. తలుపు మీద ఒకవైపు సూర్యుడు, ఒకవైపు చంద్రుడు. సూర్యుడి నడుమ దీపానికి కన్నం. ఇప్పనూనె పట్టించి పట్టించి రుద్దితే పసుపురంగు చెక్క తేనెరంగుకి తిరిగింది. ధనుంజయ్ తీగలు లోపల అమర్చి, పచ్చదీపం సూర్యుడి నడుమ వెలగ్గానే నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి తన పనికి ఒక ఇల్లు దొరికింది.

గెడ్డ ఒడ్డున దాన్ని పాతినప్పుడు ఊరంతా వచ్చి చూసింది. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. అందరూ పెట్టెనే మెచ్చుకున్నారు. లోపల నాలుగు నెలలు కళ్ళు పోగొట్టుకుని కట్టినదాన్ని తలుపు తీసి చూపించబోతే, సరేలే సరేలే అన్నారు. అతనికి కాస్త అసూయ కలిగింది. కానీ జ్యేష్ఠమాసంలో ఒక మధ్యాహ్నం గెడ్డ పొంగి, హారన్ మోగి, పశువుల్ని దాటిస్తున్న ఇద్దరు ఒడ్డుకి ఉరికి బతికాక ఆ అసూయ పోయింది. ఆ సాయంత్రం నిర్మల అన్నం వడ్డిస్తూ, కనక ఉన్నప్పుడు నీకు ఈ బుద్ధి పుట్టి ఉంటే అని, సగంలో ఆపేసింది. అది నింద కాదని అతనికి తెలుసు. అయినా కంచం పక్కకి జరిపాడు.

చిక్కు విత్తనాలు చల్లాక మొదలైంది. పెట్టె చుట్టూ ఎవరో అలికారు. తర్వాత పసుపు పడింది, పూలు పడ్డాయి. ఇంత శ్రద్ధ ఉంటే మంచిదే కదా అనుకున్నాడు ధనుంజయ్. ఆషాఢంలో సెల్స్ మార్చడానికి ఎనిమిది కొత్తవి సంచిలో వేసుకుని వెళితే, ఒడ్డున చిన్నమ్మలు కూర్చుని ఉంది. ఊరి దేవత గుడిసెకి దీపం పెట్టే ముసలామె. అల్లుణ్ణి నిలబెట్టి మాట్లాడటం తప్పని, ముందు ఇంటికి తీసుకెళ్ళి అంబలి పోసింది. అతను తాగాక, ఎంతో నెమ్మదిగా, ఆ తలుపు ఇప్పుడు తీయకూడదని చెప్పింది.

ఆ ఊరి పద్ధతి అది. విత్తనం నేలలో పడ్డాక, కొర్రలు పండి కొర్రకొత్త పండగ చేసుకుని తినేదాకా దేవత గుడిసె తలుపు ఎవరూ తీయరు. మూడు నెలలు. లోపల తల్లి పంటతో పాటు ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఆ గుడిసె తలుపు మీద ఉన్నది సూర్యుడూ చంద్రుడూ దువ్వెనా. జామిపుట్టులో ఆ మూడూ కలిపి ఇంకే చెక్క మీదా చెక్కరు. ఈ సంగతి ఊళ్ళో పుట్టిన పిల్లలకి కూడా తెలుసు. ధనుంజయ్‌కి తెలీదు. అతని ఊరు వేరు, పైగా ఆ ఊరి అల్లుళ్ళు గుడిసె దరిదాపులకి వెళ్ళరు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో అతను దాని కప్పు మాత్రమే చూశాడు, అదీ దూరం నుంచి.

సెల్స్ అయిపోతే హారన్ మోగదని అతను చెప్పాడు. చిన్నమ్మలు వింది. తల్లి మోగించాలనుకుంటే మోగుతుంది బావూ అంది. ఆమె మాటలో మొండితనం లేదు, వెటకారం లేదు, అతని మీద ఎంతో ఆపేక్ష ఉంది. మొండితనమైతే పోట్లాడొచ్చు. ఆపేక్షతో ఏం పోట్లాడతాడు, అందులోనూ అత్తారి ఊరిలో, ఆమె పోసిన అంబలి కడుపులో ఉండగా.

అక్కడి నుంచి సుక్రు ఇంటికి వెళ్ళాడు. సుక్రు కొయ్య చెక్కుతూనే వింటున్నాడు. ఎందుకు చేశావిలా అని ధనుంజయ్ అడిగితే, బాడిస పక్కన పెట్టాడు.

"ఎవులూ సెయ్యి ఎయ్యకూడదన్నావు. నాను మళ్ళీ అడిగినాను. అలాటి తలుపు నాకు ఒకటే తెల్సు."

"మరి నాను సెయ్యి ఎయ్యాల గదా మావా."

సుక్రు కొయ్య మీది పొట్టు దులిపాడు. "ఊరు మొక్కీసింది. ఇప్పుడది నీదీ కాదు, నాదీ కాదు."

శ్రావణం వచ్చేసరికి సూర్యుడి నడుమ దీపం మసకబారింది. తర్వాత ఆరిపోయింది. ఊరు గమనించింది కూడా. తల్లి కన్ను మూసుకుందని అనుకున్నారు, నిద్రపోయే మనిషి దగ్గర నడిచినట్టు పెట్టె పక్కన మెల్లగా నడిచారు. నిర్మల ఊళ్ళో చెప్పి చూసింది. ఆమె ఆ ఊరి ఆడపడుచు, ఆమె మాటకి విలువ ఉంది. కానీ అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచే మాటకి ఉన్న విలువ, తలుపు తీసే మాటకి లేదు. ఇంటికి వచ్చి భర్తకి ఒక్క సంగతి చెప్పింది.

"పెట్టి లేనప్పుడు అందరం గెడ్డ కేసి సూసేవోళ్ళం. చెవి అటే ఉండేది. ఇప్పుడు ఎవులూ సూడ్డం నేదు. పెట్టి పలకలేదు గదా అని దిగిపోతన్నారు."

ఆ మాట విన్నాక ధనుంజయ్‌కి నిద్ర సరిగ్గా పట్టలేదు. హారన్ లేని గెడ్డ కంటే చచ్చిన హారన్ ఉన్న గెడ్డ ప్రమాదం. ఆ ప్రమాదాన్ని తన చేతులతో తనే తెచ్చి, అందంగా ఉండాలని కోరి మరీ ఒడ్డున పాతాడు. ఏ రోజూ ఎవరి చావుకీ కారణం కాని నూనె డబ్బాలు గుర్తొచ్చి వాటి మీద ప్రేమ పుట్టింది.

చేసేది లేక తనే హారన్ అయ్యాడు. శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూసేసి గెడ్డ దాటి, పెట్టె పక్కన బండ మీద కూర్చునేవాడు. సంత రోజే కొట్టుకి నాలుగు బేరాలు వచ్చేది, ఆ రోజే తాళం పడింది. చేతిలో సొట్టల నూనె డబ్బా, ఒక కర్ర, సంచిలో ఎలాగూ వాడలేని ఎనిమిది సెల్స్. సంత నుంచి ఆడవాళ్ళు వచ్చి దాటేదాకా పైవైపు చెవి పెట్టి కూర్చోవడం అతని పని. రెండో వారం నుంచి సుక్రు కూడా వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. బాడిస ఒడిలో పెట్టుకుని. ఒకళ్ళ తప్పు ఒకళ్ళు ఎత్తిచూపుకునే ఓపిక ఇద్దరికీ లేదు. చలిజ్వరం వచ్చిన వారం కూడా ధనుంజయ్ దుప్పటి కప్పుకుని వచ్చాడు.

అలా అయిదు శుక్రవారాలు. నాలుగోవారం పైన ఏదో చప్పుడై అతను డబ్బా వాయించాడు. ఆడవాళ్ళు పరుగెత్తారు, ఒకావిడ చేతిలోని కొత్త కుండ పగిలింది. తీరా చూస్తే కొండ మీద ఎవరో దుంగలు దొర్లిస్తున్నారు. ఆడవాళ్ళు చాలాసేపు నవ్వారు. మన అల్లుడికి పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వలేదని డబ్బా పట్టుకున్నాడు పాపం అన్నారు. అతనూ నవ్వాడు. అంతకంటే ఏమీ చేతకాలేదు.

అయిదోవారం ఆకాశంలో మబ్బు తునక లేదు. నాలుగున్నర అయి ఉంటుంది. పది పన్నెండు మంది ఆడవాళ్ళు అవతలి ఒడ్డున దిగి రాళ్ళ మీదకి వచ్చారు. ముందు చిన్నమ్మలు, తల మీద ఉప్పు మూట. చిట్టచివర నిర్మల, మధ్యాహ్నం సంత ఊరికి సరుకు కోసం వెళ్ళి తిరిగొస్తోంది, చంకలో అంగన్‌వాడీ పిండి సంచి. ఆమె నడిమి రాయి దగ్గరికి వచ్చేసరికి ధనుంజయ్‌కి పైనుంచి చప్పుడు వినిపించింది. దుంగల చప్పుడు కాదు. ఆగకుండా, మందంగా, నేలలోంచి వస్తున్నట్టు ఉంది. కాళ్ళ దగ్గర నీళ్ళలో ఎండుటాకులు ఒక్కసారిగా ఎక్కువయ్యాయి.

లేచి డబ్బా వాయించాడు. నీళ్ళొస్తున్నాయి, దాటండి అని అరిచాడు. ఆడవాళ్ళు తలెత్తి చూసి నవ్వారు. చిన్నమ్మలు నీళ్ళలో నిలబడే, పెట్టె వైపు గడ్డం చూపించి, చల్లగా అంది.

"అది పలకలేదు గదా బావూ. మళ్ళీ కుండలు పగలగొడతావేటి."

నవ్వు వరసంతా పాకింది, నడక ఇంకా నెమ్మదించింది. నిర్మల ఒక్కతే నవ్వలేదు. ఆమె వెనక్కి పరుగెత్తితే నాలుగు అంగల్లో అవతలి ఒడ్డు. ఆమె వెనక్కి వెళ్ళలేదు. సంచి నీళ్ళలోకి వదిలేసి, ముందున్న ఆడవాళ్ళని వీపు మీద నెడుతూ, లాగుతూ ముందుకి వస్తోంది. వాళ్ళు విసుక్కుంటున్నారు.

ధనుంజయ్ డబ్బా పారేసి పెట్టె దగ్గరికి ఉరికాడు. సంచిలో సెల్స్ ఉన్నాయి. తలుపుకి చిన్న కొయ్యగడియ. వేలితో పక్కకి జరిపితే చాలు. గడియ మీద పసుపు ఎండి ఉంది. అతని చెయ్యి దాని దాకా వెళ్ళి ఆగిపోయింది.

లోపలి ప్రతి తీగా తను పెట్టిందే. ఆ దీపం ఎందుకు వెలిగిందో, ఎందుకు ఆరిందో తనకంటే ఎవరికీ తెలీదు. అయినా ఆగిపోయింది. అతను కూడా ఆ కొండల్లో పుట్టినవాడే. మూసిన తలుపు తీయకూడదని ఐటీఐ కంటే ముందే, మాటలు రాకముందే నేర్చుకున్నవాడు. ఎంతసేపు ఆగాడో అతనికి తెలీదు. రెండు ఊపిర్లు అయి ఉండొచ్చు, ఇరవై అయి ఉండొచ్చు.

బాడిస అతని భుజం పక్క నుంచి వచ్చింది. సుక్రు ఒక్క దెబ్బకి గడియ ఎగరగొట్టాడు. రెండో దెబ్బకి తలుపు సూర్యుడూ చంద్రుడూ విడిపోయేటట్టు నిలువునా చీలింది.

"బేగి ఎయ్యి," అన్నాడు.

ఎనిమిది సెల్స్. ఒకటొకటే లోపలికి తోశాడు. ఎనిమిదోది లోపలికి దిగీ దిగకముందే హారన్ మోగింది, ఎందుకంటే పైన రాగి కడ్డీలు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. ఆ కూతకి ఆడవాళ్ళు ఉలిక్కిపడి మూటలు పారేశారు. ఇక ఎవరూ నవ్వలేదు. చిన్నమ్మలుని ఇద్దరు రెక్కలు పట్టి లాక్కొచ్చారు. చివరగా నిర్మల ఒడ్డున గడ్డి పట్టుకునేసరికి ఎర్రనీళ్ళు వచ్చి ఆమెని నడుం దాకా తడిపాయి. ధనుంజయ్ చెయ్యి పట్టి పైకి లాగాడు. వెనక్కి చూస్తే నడిమి రాయి లేదు, ఉప్పు మూటలు లేవు, పిండి సంచి లేదు. మనుషులందరూ ఉన్నారు.

ఇంటికి వెళ్ళేందుకు మర్నాటి దాకా గెడ్డ దారి ఇవ్వలేదు. పుట్టింటి అరుగు మీద తడి చీర పిండుకుంటూ నిర్మల భర్తని చూసి చెప్పింది, గొంతు పెంచకుండా.

"నీ సెయ్యి ఆగిపోనాది. నాను సూసినాను."

ఆమె ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అని ఉంటే బాగుండేదని అతనికి చాలాసార్లు అనిపించింది.

సుక్రుకి ఊరు తప్పు వేసింది. ప్రాణాలు నిలబెట్టాడని అందరికీ తెలుసు, చిన్నమ్మలే ముందు చెప్పింది. అయినా విత్తనం నేలలో ఉండగా తలుపు నరికిన చెయ్యి అది. మేకని ఇచ్చుకున్నాడు, ఆ ఏడు కొర్రకొత్త అందరితో కూర్చుని తినలేదు. అంతటితో పోయేది కానీ, గుడిసె తలుపు ఇక ఎప్పుడూ అతను చేయకూడదని తేల్చారు. ఆ తీర్పు చెబుతున్నప్పుడు చిన్నమ్మలు ఏడ్చిందట. సుక్రు మాత్రం, అలాగే అని లేచి వెళ్ళిపోయాడు. ఆ గడియ తీయడం తన చెయ్యి చేయాల్సిన పని అని ధనుంజయ్‌కి తెలుసు, సుక్రుకీ తెలుసు. మావ ఒక్కసారైనా తిడతాడేమోనని ఎదురుచూశాడు. అదీ జరగలేదు.

మరుసటి ఎండాకాలంలో సుక్రు తనే పెట్టెని ఊడదీసి, చీలిన తలుపు అతికి, చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. ధనుంజయ్ వెళ్ళేసరికి చంద్రుడు పోయాడు. సూర్యుడు సగం ఉన్నాడు. తేనెరంగు పొట్టు నేలంతా రాలి ఉంది.

"అదొక్కటీ ఒగ్గీ మావా," అన్నాడు ధనుంజయ్.

"అందంగుంటే మొక్కుతారు. ఒద్దు," అన్నాడు సుక్రు. చిత్రిక ఆపలేదు.

ధనుంజయ్ అక్కడే కూర్చుని మొత్తం పోయేదాకా చూశాడు. తన పని ఉన్న ఒకే ఒక్క అందమైన ఇల్లు అది. ఏడుపొచ్చింది, పొట్టు కళ్ళలో పడిందనుకున్నాడు సుక్రు, లేదా అనుకున్నట్టు ఊరుకున్నాడు. చివరికి నున్నటి పలక, ఒకవైపు ఒక కన్నం మిగిలాయి.

ఇప్పుడా పెట్టె గెడ్డ ఒడ్డున మామూలు కొయ్యలా నిలబడి ఉంది. మేకల తాడు దానికి కడతారు. తడిసిన తువ్వాళ్ళు దాని కప్పు మీద ఆరేస్తారు. రెండు వారాలకోసారి ధనుంజయ్ నడుం పట్టుకుంటూ వెళ్ళి చూసి వస్తాడు. ఈసారి వెళ్ళేసరికి పచ్చదీపం గుడ్డిగా ఉంది. తలుపు తీస్తే లోపల, అతను వరస తప్పకుండా కట్టిన తీగల పక్కన, అడ్డాకులో చుట్టిన పొగాకు, ఒక దువ్వెన, సగం అగ్గిపెట్టె ఉన్నాయి. సెల్స్ మాత్రం అతను పెట్టినవి కావు. కొత్తవి. ఎవరు వేశారని మేకల దగ్గరున్న మనిషిని అడిగితే, దీపం తగ్గిందని చిన్నమ్మలు సంతలో తెచ్చి వేసిందని చెప్పాడు.

ఎనిమిదిలో రెండు తలకిందులుగా ఉన్నాయి. ధనుంజయ్ వాటిని తిప్పి పెట్టాడు. దీపం నిండుగా వెలిగింది. పొగాకూ దువ్వెనా అగ్గిపెట్టే ఎక్కడివక్కడ మళ్ళీ సర్ది, గడియ వెయ్యకుండా తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత నిర్మల వచ్చే వేళయిందని బండ మీద కూర్చున్నాడు, చెవి పైవైపు పెట్టి.